సన్మానానికి వచ్చిన పేషెంట్లు

మా సారుకు సన్మానం చేద్దామని మొదట నోరు జారింది నేనే. ఎనభైల చివరి సంవత్సరాలవి. సూర్యాపేటలో నేను దవాఖాన తెరిచి ఎక్కువ కాలం కాలేదు, బోర్డు మీది రంగు ఇంకా కొత్తగానే ఉంది. పట్నంలో మేం చదివిన మెడికల్ కాలేజీ నుంచి ముగ్గురు పెద్దలు ఆ ఏడాది రిటైరయ్యారని తెలిసింది. కోదాడలో ఉన్న మా సీనియర్‌తో, మిర్యాలగూడలో ఉన్న నా క్లాస్‌మేట్‌తో మాట్లాడుతూ, "మనకు చదువు చెప్పినోళ్ళను ఒక్కసారన్న మన దిక్కు తీసుకరాకపోతే ఎట్ల?" అన్నాను. ఇక చూడండి, ఆ ఒక్క మాట పట్టుకుని మూడు ఊర్ల డాక్టర్లు నెల రోజులు కొట్టుకున్నారు.

"మా ఊర్ల పెడదాం. మిల్లులోళ్ళందరు నా పేషెంట్లే, ఊరంతటికీ సన్నబియ్యం అన్నం పెట్టిస్త" అని మిర్యాలగూడ వాడు. "అన్నం ఒక్కటే అయితే సరిపోతుందాండీ? సభ అన్నాక ఒక పద్ధతి, ఒక భాష ఉండాలి కదా" అని కోదాడ ఆయన సాగదీత. ఈయనకు కవిత్వం పిచ్చి. ప్రిస్క్రిప్షన్ కూడా ప్రాసలో రాస్తాడేమోనని మాకు అనుమానం. నాకసలే ముక్కు మీద కోపం. "పట్నం నుంచి వచ్చే కారు ముందుగాల ఆగేది నా ఊర్లనే. బియ్యం నువ్వు తే, భాష నువ్వు తే, ఇద్దరూ నోరు మూసుకొని ఈడికి రాండ్రి" అన్నాను. అలా సూర్యాపేట ఖాయమైంది.

ఆ ముగ్గురిలో ఒకరు అనాటమీ చెప్పి, తర్వాత ప్రిన్సిపాల్ అయిన పెద్దాయన. రెండోవారు కాన్పుల వార్డు హెడ్డు, మా మేడమ్. ఆమె చెప్పుల చప్పుడు వినపడితే చాలు, మేం కిటికీలోంచి దూకడానికి సిద్ధంగా ఉండేవాళ్ళం. మూడోవారు మెడిసిన్ ప్రొఫెసర్. సారు అంటే నాకు ఈయనే. ఇంకెవరిని సార్ అని పిలిచినా అది మర్యాద కోసమే.

సారు వార్డులోకి వస్తే ముందు పేషెంటును ఏ ఊరని అడిగేవారు, పంటలెలా ఉన్నాయనేవారు. స్టెతస్కోపు చల్లగా ఉంటే పేషెంటు ఉలిక్కిపడుతుందని అరచేతిలో పెట్టుకుని వెచ్చబరిచేవారు. గుండె మీద దాన్ని ఆనించి కళ్ళు మూసుకుంటే ఇంక ఆయన ఈ లోకంలో ఉండేవారు కాదు. మాకెవరికీ అంతుబట్టని సన్న చప్పుడు ఆయనకు దొరికేది. విన్నాక మాత్రం పెదవి విప్పేవారు కాదు. మాలో అందరికన్నా చిన్నవాళ్ళను పిలిచి, "నువ్వు విను, నువ్వు ముందు చెప్పు" అనేవారు. పెద్దవాళ్ళు ముందు చెప్తే చిన్నవాళ్ళు దానికే తల ఊపుతారని ఆయన భయం. "ఏమీ వినపడలేదు సార్" అంటే కోప్పడేవారు కాదు, పక్కన కూర్చోబెట్టుకుని మళ్ళీ వినిపించేవారు. వినపడకుండానే వినపడిందన్న వాడికి మాత్రం ఆ రోజు వార్డులో చోటు లేదు. ఎంత పెద్దింటి పిల్లాడైనా సరే, బయటికే.

సన్మానం ఏర్పాట్లు నడుస్తుండగానే నా దగ్గరికి పెన్‌పహాడ్ దిక్కు నుంచి ఒక ముసలమ్మ తన కోడలిని తీసుకొచ్చింది. గొర్రెలు కాసే ఇల్లు వాళ్ళది. కొడుకు మందను తోలుకుని మిర్యాలగూడ అవతలికి, సాగర్ కాలువ కింద కోసిన మడుల్లో మేపడానికి పోయాడు. ఇంటి పెత్తనమంతా ఈమెదే. మడిలో ఈ చివర నిలబడి ఆ చివర ఉన్న గొర్రెను అదిలించే గొంతు ఆమెది. నా గదిలో మామూలుగా మాట్లాడినా బయట కూర్చున్న వాళ్ళు లేచి నిలబడేవాళ్ళు.

కోడలికి ఐదో నెల. ఇరవై ఏళ్ళు కూడా ఉంటాయో లేదో. నాలుగడుగులు వేస్తే ఆయాసం, పడుకుంటే ఊపిరాడదు, గోడకు ఒరిగి కూర్చునే తెల్లార్చేది. గుండె మీద స్టెతస్కోపు పెట్టగానే నాకు విషయం తెలిసిపోయింది. చిన్నప్పుడు కీళ్ళవాపు జ్వరం వచ్చి, గుండె లోపలి కవాటం ఒకటి దెబ్బతిని, ఏళ్ళ తరబడి సన్నబడుతూ వచ్చింది. ఇప్పుడు కడుపులో బిడ్డ బరువు కూడా ఆ గుండె మీదే పడింది. పట్నం తీసుకెళ్ళి ఆ కవాటాన్ని తెరిపిస్తే ఇద్దరూ దక్కుతారు. ఇలాగే కాన్పు దాకా ఆగితే నొప్పుల్లోనే పోతుంది. ఆ మాటే చెప్పాను, మెత్తగా కాదు, ఉన్నదున్నట్టు.

"గుండె కోస్తరా!" అని ముసలమ్మ నోరు తెరిచింది. "గొర్రెను కోసినంక మళ్ళ లేస్తదా డాక్టరమ్మా? మాకు తెల్వదా కోసుడంటే ఏందో?"

నేను బొమ్మ గీసి చూపించాను, బతిమిలాడాను, అరిచాను కూడా. వారానికోసారి వచ్చి మందులు పట్టుకుపోయేది గానీ పట్నం మాటెత్తితే చాలు, కోడలి రెక్క పట్టుకుని లేచేది. ఒకరోజు నా ఓపిక చచ్చిపోయి, "నా మీద నమ్మకం లేకపోతే మానె. నాకు చదువు చెప్పిన పెద్ద సారు వస్తున్నడు. ఆయన చెప్తే పోతవా?" అన్నాను.

ముసలమ్మ కోడలి రెక్క వదిలింది. "నీకే సదువు సెప్పినాయననా? ఆయన తన సెవులతోని ఇని, పో అంటే పోత. వద్దంటే మళ్ళ నువ్వు నన్ను సతాయించొద్దు."

ఒప్పుకున్నాను. సారు వినడం, పొమ్మనడం రెండూ ఖాయమే కదా అనుకున్నాను. పిల్ల గండం గట్టెక్కిందని ఆ రోజు కడుపునిండా అన్నం తిన్నాను.

సభకు జనం రాకపోతే పరువు పోతుందని మిర్యాలగూడ వాడు రిక్షాకు మైకు కట్టించి సూర్యాపేట చుట్టుపక్కల ఊర్లన్నీ తిప్పించాడు. "పట్నం నుండి పేరుమోసిన పెద్ద డాక్టర్లు మన ఊరికి విచ్చేస్తున్నారు, కావున అందరూ తరలి వచ్చి జయప్రదం చేయగలరు" అని చెప్పమన్నాం. సన్మానం అన్న ముక్క కూడా చెప్పమన్నామనుకోండి. కానీ జనానికి దాంతో పనేముంది? పెద్ద డాక్టర్లు వస్తున్నారన్న దగ్గరే చెవులు నిలబడ్డాయి.

ఆ ఆదివారం పొద్దున షామియానా దగ్గరికి పోయి చూస్తే అదొక జాతర. ట్రాక్టర్లు, ఎడ్లబండ్లు, సద్దిమూటలు. మంచం మీద మోసుకొచ్చిన ముసలాయన, తల్లి చంకలో చీము కారే చెవితో పిల్ల, నడుం పట్టేసిన మనుషులు. ముందు వరసలో పెద్దమనుషుల కోసం వేసిన సోఫాలో జ్వరమొచ్చిన పిల్లలు పడుకుని ఉన్నారు. ఒకాయనైతే కాలు విరిగిన గొర్రెను భుజాన వేసుకొచ్చాడు.

"ఇది సన్మానమయ్యా, సూసుడు కాదు. శాలువాలు కప్పుతం, అంతే" అన్నాను ఆయనతో.

"కప్పుండ్రి, ఎవలొద్దన్నరు? కప్పినంకనే సూడుమను. మాకేం తొందర లేదు" అన్నాడాయన, గొర్రెను నీడకు దించుతూ.

కోదాడ ఆయన తల పట్టుకున్నాడు. "ఇదెక్కడి గొడవండీ బాబూ, నేను సన్మానపత్రం ఎంత కష్టపడి రాశానో తెలుసా!" అని ఒకటే గోల.

పట్నం కారు వచ్చింది. దండ తీసుకుని నేను సారు దగ్గరికి పరిగెత్తాను. "సార్, బాగున్నారా? గుర్తుపట్టారా?" అని గబగబా ఏవేవో అడిగాను. ఆయన నవ్వి తల ఊపి ముందుకు నడిచారు. వెంటపడి కోడలి కేసు చెప్పాను, ఊపిరి తీసుకోకుండా. "మంచిది, మంచిది" అంటూ ఆయన షామియానా వైపు చూస్తున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళు దేవుడిలా చెప్పుకు తిరిగాను, ఈయనేమో ఒక పిల్ల ప్రాణం పోతోందంటే మంచిది అంటారా? పెద్దవాళ్ళయ్యాక అంతే కాబోలు అని లోపల్లోపల తిట్టుకున్నాను.

సభ మొదలైంది. శాలువాలు కప్పాం, దండలు వేశాం. కోదాడ ఆయన గొంతు సవరించుకుని సారు సన్మానపత్రం చదివాడు. హృదయ నాదంలో వ్యాధి జాడలు పట్టే దివ్య శ్రవణాలట, ఇంకా ఏమేమో. మైకు కీచుమంటున్నా అతను ఒక్క సమాసం కూడా వదల్లేదు. సారు తల వంచుకుని శాలువా అంచు సర్దుకుంటూ కూర్చున్నారు.

మధ్యలో వెనక నుంచి ఎవరో, "ఇగ సదువుడు ఖతమైతే సూసుడు షురూ చేయిండ్రి, పొద్దెక్కుతాంది" అని కేకేశారు. అందరూ ఘొల్లున నవ్వారు. మేడమ్ మాత్రం నవ్వలేదు. జనాన్ని ఒకసారి కలయజూసి, దండ తీసి కుర్చీకి తగిలించి, పట్టుచీర కొంగు నడుముకు దోపి, "ఆ బ్యానర్ విప్పి అడ్డంగా కట్టండి. ఆడవాళ్ళను లోపలికి పంపండి" అంది. మా ఘనమైన బ్యానర్ క్షణంలో పరదా అయిపోయింది. మైకు ఆగిపోయింది. ప్రిన్సిపాల్ గారు, "నా బతుకంతా శవాలతోనే గడిచింది తల్లీ, కదిలే మనిషిని చూస్తే నాకే భయం" అంటూనే పోయి గొర్రె కాలికి కట్టు కట్టడం మొదలుపెట్టారు. కట్టు మాత్రం బ్రహ్మాండంగా కట్టారు.

సారు ఒక్కరే కుర్చీలోంచి లేవలేదు.

నా కోపం నషాళానికెక్కింది. వేదిక మీదికి ముసలమ్మను, కోడలిని వెంటబెట్టుకు పోయాను. ఆయన ఎదురుగా నిలబడి, "సార్, అందరినీ చూడకపోయినా సరే. ఈ ఒక్క పిల్లను చూడాలి. మీరు చెప్తేనే ఆపరేషన్‌కు ఒప్పుకుంటారట. లేకపోతే చచ్చిపోతది" అన్నాను. ఆయన నా ముఖం కేసే, కాదు, నా పెదవుల కేసే చూస్తున్నారు. తర్వాత పిల్ల వైపు చూశారు. నడిచి వచ్చినందుకే ఆమె రొప్పుతోంది, పెదవులు నీలంగా ఉన్నాయి.

ఆయన చెయ్యి చాపితే నా స్టెతస్కోపు ఇచ్చాను. దాన్ని అరచేతిలో కాసేపు పట్టుకున్నారు. "ఏ ఊరు బిడ్డా?" అని అడిగారు గానీ జవాబు కోసం ఆగలేదు. పిల్లను ఎడమవైపు ఒత్తిగిలి పడుకోబెట్టి, గుండె మీద ఆనించి కళ్ళు మూసుకున్నారు. నాకు ప్రాణం లేచి వచ్చింది. నా పాత సారు నాకు దొరికారనుకున్నాను.

కానీ ఆయన కళ్ళు తెరిచారు. స్టెతస్కోపు కొంచెం జరిపారు. మళ్ళీ జరిపారు. చుట్టూ అంతా నిశ్శబ్దంగానే ఉన్నా, నెమ్మది అన్నట్టు చెయ్యి ఊపారు. నుదుటి మీద చెమట పట్టింది. ఆ పిల్ల గుండె చప్పుడు నాబోటి కొత్త డాక్టరుకే స్పష్టంగా వినిపిస్తుంది. అప్పుడర్థమైంది నాకు. కారు దగ్గర ఆయన నా మాట పట్టించుకోకపోవడం కాదు, నా మాట ఆయనకు చేరనే లేదు. సారు చెవులు పోయాయి.

ఆయన స్టెతస్కోపు తీసి, గుండె మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు ఉంచారు. తర్వాత స్టెతస్కోపు నాకిచ్చి, "చిన్నదానివి, నువ్వు ముందు చెప్పు" అన్నారు. చెప్పాను. ఆయన నా పెదవుల మీంచి చూపు తిప్పలేదు. చెప్పడం అయ్యాక, "అంతే. నా చేతికి కూడా అదే తెలుస్తోంది" అన్నారు.

ముసలమ్మ ఊరుకుంటుందా? "గీ డాక్టరమ్మ మాట నేను మస్తుసార్లు ఇన్న సారూ" అంది తన మామూలు గొంతుతో. షామియానా అంతా వినపడింది. ఆయనకూ వినపడింది. "నువ్వు సెప్పు. నీ సెవులతోని నువ్వు ఇన్నవా లేదా?"

విన్నానమ్మా అంటే చాలు. ఆ ఒక్క మాటకు పిల్ల పట్నం పోతుంది, బతుకుతుంది. ఎవరు కాదంటారు? రోగం ఉన్నమాట నిజమే కదా. అనండి సార్, అనండి అని నేను మనసులో కాళ్ళు పట్టుకుంటున్నాను. శాలువా భుజం మీంచి జారుతున్నా ఆయన సర్దుకోలేదు.

"లేదమ్మా" అన్నారు. "నాకు చెవులు వినపడవు."

కోదాడ ఆయన తల దించేశాడు, చేతిలో సన్మానపత్రం ఇంకా అలాగే ఉంది. మేడమ్ పరదా పక్కకు తీసి చూసింది. అయిపోయింది, ఈ పిల్ల చచ్చిపోయింది అనుకున్నాను.

ముసలమ్మ ఒకడుగు ముందుకు వేసింది. గడ్డం పట్టుకుని ఆయన ముఖం తన వైపు తిప్పుకుంది. "అయ్యో కొడుకా! ఎప్పటి సంది?"

"రెండు మూడేండ్లయితున్నది."

"ఎవ్వలకన్న సూపెట్టుకున్నవా?"

"లేదమ్మా."

"ఇంతమంది డాక్టర్ల నడుమ ఉండి సూపెట్టుకోలేదా? ఎందుకు?"

ఆయన మా వైపు కళ్ళు తిప్పారు. ఇంతమంది శిష్యులం చుట్టూ ఉన్నాం. చివరికి చిన్న గొంతుతో, "భయమైంది" అన్నారు.

ముసలమ్మ ఆయన గడ్డం వదలలేదు. "మాకు గూడ గదే భయం కొడుకా" అంది. ఇన్ని వారాల్లో ఆమె ఆ మాట నాతో ఒక్కసారీ అనలేదు. నేనూ అడగలేదు, అరవడం తప్ప. "సరె తియ్యి. నేను నా కోడల్ని పట్నం తోల్కొస్త. నువ్వు నీ సెవులు సూపెట్టుకో. నువ్వు సూపెట్టుకుంటెనే నేను ఈమెను కోయనిస్త. లేకుంటే లేదు."

ఆ సాయంత్రమే అదే కారులో పిల్ల ముందు సీట్లో, వెనక సీట్లో సారుకు, మేడమ్‌కు మధ్యలో ముసలమ్మ పట్నం బయల్దేరారు. ప్రిన్సిపాల్ గారు బస్సులో పోతానన్నారు. నేను దవాఖానకు తాళం వేసి మర్నాడు వెళ్ళాను.

ముసలమ్మ మాట మీద నిలబడే మనిషి. ఆపరేషన్‌కు ముందు వేలిముద్ర అడిగితే చెయ్యి వెనక్కి పెట్టుకుంది. "ఆ సారు సూపెట్టుకున్నడా?" అంది. సర్జన్ నా వైపు చూశాడు, నేను సారు వైపు చూశాను. తను ఏలిన దవాఖానలో, తన శిష్యుడి శిష్యుడైన చెవుల డాక్టరు గది బయట సారు బెంచీ మీద కూర్చున్నారు. వచ్చేపోయే వాళ్ళంతా ఆగి నమస్కారాలు పెడుతుంటే సిగ్గుతో చచ్చిపోతున్నారు. పక్కన ముసలమ్మ కాపలా. ఆయన లోపలికి పోయి, బయటికొచ్చి, చెవికి మిషన్ పెట్టుకోవాలన్నారని చెప్పాకే ముసలమ్మ వేలు సిరాలో ముంచింది.

ఆపరేషన్ అయిన కొన్నాళ్ళకు పిల్లను వార్డుకు మార్చారు. సారు వచ్చి మంచం పక్కన నిలబడ్డారు. చెవి మిషన్ ఇంకా రాలేదు. స్టెతస్కోపు నా చేతికిచ్చి, "విని చెప్పు" అన్నారు. ముసలమ్మ మంచం కోడు పట్టుకుని మా ఇద్దరినీ చూస్తోంది. విన్నాను. లోపల ఇన్నాళ్ళూ ఉరిమిన ఉరుము లేదు. మెత్తగా, తీరుబడిగా కొట్టుకుంటోంది గుండె. చెప్దామని తలెత్తాను. మాటకన్నా ముందు కళ్ళ నీళ్ళు వచ్చేశాయి. డాక్టరు ఏడవకూడదని తెలుసు, అయినా ఏం చెయ్యను.

సారు నా ముఖం వైపు చూశారు. తర్వాత ముసలమ్మ వైపు తిరిగి ఆయనే చెప్పారు. "నీ కోడలు బతికిందమ్మా."